నీ కథ ఏ ఫైల్లో ఉంది?

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, దాంతో పంపిన రెండు కథలూ అందాయి. కథల గురించి విడిగా రాస్తాను. రెండో కథ ముగింపు మీద నాకు పేచీ ఉంది, దానికి కాస్త తీరిక కావాలి. ఈ ఉత్తరం మాత్రం నువ్వు చివర్లో మొహమాటపడుతూ అడిగిన ప్రశ్నకి. బస్సులో ఫోన్లో రాసుకున్న పేరాలు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే కొన్ని కనబడటం లేదనీ, ఒక్కోసారి పాత పేరా వచ్చి కొత్తదాని మీద కూర్చుంటోందనీ రాశావు. ఇది రచనకి సంబంధించిన ప్రశ్న కాదేమో అని కూడా అన్నావు.

ఎందుకు కాదమ్మా? కాగితం మీద రాసే రోజుల్లో రాతప్రతి ఎక్కడుందో ప్రతి రచయితకీ తెలుసు. బీరువాలో ఉందనో, పత్రికాఫీసుకి వెళ్ళిందనో చెప్పేవాళ్ళం. ఇప్పుడు కొత్తగా రాస్తున్నవాళ్ళని అడిగితే "యాప్‌లో ఉందండీ" అంటారు. యాప్ అనేది రాసే పనిముట్టు. రాసింది ఉండేది ఏదో ఒక ఫైల్లో, ఆ ఫైలు ఉండేది ఏదో ఒక ఫోల్డర్లో. ఫోన్లో ఒకటి, కంప్యూటర్లో ఒకటి, మధ్యలో కంపెనీ వాళ్ళ సర్వర్లో ఇంకొకటి. ఈ మూడూ ఒకదాన్నొకటి చూసుకుని సరిచేసుకోవడమే సింక్. అవి ఎక్కడున్నాయో తెలిస్తే నీ సమస్య సగం తీరినట్టే.

కొంచెం పాత సంగతి చెబుతాను, విసుక్కోకు. 1996లో పైలట్ అని అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ వచ్చింది. తర్వాత అందరూ పామ్ అనడం అలవాటు చేసుకున్నారు. దాంట్లో రాసిందంతా డిస్క్ మీద కాదు, ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే జ్ఞాపకంలో, చిన్న చిన్న డేటాబేసులుగా (వరుసగా అమర్చిన రాతల పట్టికలుగా) ఉండేది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే రాసిందంతా పోయినట్టే. అందుకే దాన్ని స్టాండులో పెట్టి కంప్యూటర్‌తో సింక్ చేసే హాట్‌సింక్ బటన్ నొక్కడం పామ్ వాడేవాళ్ళకి దినచర్య. నొక్కగానే కంప్యూటర్లో సీ డ్రైవ్‌లో పామ్ అనే ఫోల్డర్, అందులో మన పేరుతో ఒక ఫోల్డర్, అందులో మెమోలకి, చిరునామాలకి, తేదీలకి, చేయాల్సిన పనులకి వేర్వేరు ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో చివర డీఏటీ అని ఉండే ఒక ఫైలు. మిగతా యాప్‌ల డేటాబేసులు పీడీబీ (పామ్ డేటాబేస్) ఫైళ్ళుగా బ్యాకప్ అనే ఫోల్డర్లో. ఎవరైనా వెళ్ళి కళ్ళారా చూసుకోవచ్చు, కాపీ చేసి సీడీలో దాచుకోవచ్చు.

దాంట్లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. సింక్ ఎటునుంచి ఎటు జరగాలో అది మనల్ని అడిగేది. రెండువైపులా కలపాలా, కంప్యూటర్లో ఉన్నది చేతి పరికరం మీద రాసేయాలా, చేతిలో ఉన్నది కంప్యూటర్ మీద రాసేయాలా, అసలేమీ చేయకూడదా అని ఒక్కో యాప్‌కీ విడివిడిగా పెట్టుకోవచ్చు. ఒకే మెమోని రెండు చోట్లా మార్చితే, ఏది గెలవాలో తాను తేల్చకుండా రెండింటినీ ఉంచేది. పాత పామ్‌లో మెమోకి సుమారు 4,000 అక్షరాలే పరిమితి. తెలుగు అందులో రాదు. అయినా ఈ మర్యాద విషయంలో ఇప్పటి చాలా యాప్‌ల కంటే అదే నయం. ఇప్పుడు సింక్ మనకి తెలియకుండా వెనకాల జరిగిపోతుంది. దిక్కు ఎటో ఎవరూ అడగరు.

ఇక నీ ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ దాని సొంత గది ఉంటుంది. డేటా అనే ఫోల్డర్లో మళ్ళీ డేటా, అందులో ఆ యాప్ ప్యాకేజీ పేరు, అంటే ఫోన్ లోపల దానికుండే అసలు పేరు, అందులో డేటాబేసెస్. గూగుల్ వాళ్ళ నోట్స్ యాప్ కీప్ అయితే ఆ ప్యాకేజీ పేరు కామ్.గూగుల్.ఆండ్రాయిడ్.కీప్. నువ్వు కేబుల్ పెట్టి ఫోన్ని ల్యాప్‌టాప్‌కి కలిపినా ఈ గది కనబడదు, ఫైల్ మేనేజర్‌కీ కనబడదు. ఒక యాప్ ఇంకో యాప్ రాతల్ని దొంగచాటుగా చదవకుండా పెట్టిన ఏర్పాటది, మంచిదే. కానీ దాని వల్ల నీ రాతప్రతిని నువ్వే చూడలేవు. యాప్ తీసేస్తే ఆ గది కూడా పోతుంది.

ఇక్కడ మన ఇళ్ళలో జరిగే ప్రమాదం ఒకటి చెప్పాలి. గుడ్ మార్నింగ్ ఫొటోలతో ఫోన్ నిండిపోతుంది. ఎవరో కజిన్ వచ్చి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్టోరేజ్ ఖాళీ చేస్తానంటాడు. అక్కడ క్లియర్ క్యాషే, క్లియర్ డేటా అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది చెత్త ఊడుస్తుంది. రెండోది ఆ యాప్ డేటాబేసునే తుడిచేస్తుంది. అప్పటికి సర్వర్‌కి చేరిన రాతలు మళ్ళీ లాగిన్ అయితే తిరిగొస్తాయి. చేరనివి రావు. నీ ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకు అనడం లేదు. ఆ రెండు బటన్ల తేడా మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు.

ఐఫోన్లోనూ ఇదే కథ, ఇంకా గట్టి తాళం. దానికి జోడీగా మ్యాక్ ఉన్నవాళ్ళు మాత్రం అదృష్టవంతులు. నోట్స్ యాప్‌లో రాసిందంతా మ్యాక్‌లో హోమ్ ఫోల్డర్, లైబ్రరీ, గ్రూప్ కంటైనర్స్ కింద గ్రూప్.కామ్.యాపిల్.నోట్స్ అనే ఫోల్డర్లో నోట్‌స్టోర్.ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైల్లో ఉంటుంది. లైబ్రరీని 2011 నుంచి మామూలుగా కనబడకుండా దాచిపెట్టారు. మ్యాక్‌లో ఫైళ్ళు చూసే ఫైండర్లో గో మెనూ తెరిచి ఆప్షన్ మీట పట్టుకుంటే బయటికొస్తుంది. విండోస్‌లో ఇలాంటివి ఎక్కువగా యూజర్స్, నీ పేరు, యాప్‌డేటా కింద ఉంటాయి, అదీ దాచిన ఫోల్డరే. విండోస్ 10 స్టికీ నోట్స్‌లో రాసుకున్న పసుపు చీటీలన్నీ అక్కడెక్కడో లోపల ప్లమ్.ఎస్‌క్యూలైట్ అనే ఫైల్లో ఉంటాయని తెలిసి నాకు నవ్వొచ్చింది. జాప్లిన్ అనే నోట్స్ యాప్ వాడేవాళ్ళకి నీ పేరున్న ఫోల్డర్లోనే డాట్ కాన్ఫిగ్, అందులో జాప్లిన్ డెస్క్‌టాప్, అందులో డేటాబేస్.ఎస్‌క్యూలైట్.

ఈ ఎస్‌క్యూలైట్ పేరు పదేపదే వస్తోంది కదా. 2000లో రిచర్డ్ హిప్ అనే ఆయన మొదలుపెట్టిన చిన్న డేటాబేస్ అది. ఇవాళ దాదాపు ప్రతి ఫోన్లోనూ ఉంది. దీని గురించి రచయితలు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఆ ఫైలు పక్కనే చాలాసార్లు అదే పేరుతో, చివర డబ్ల్యూఏఎల్ అని ఒకటి, ఎస్‌హెచ్‌ఎమ్ అని ఒకటి, రెండు చిన్న ఫైళ్ళు కనిపిస్తాయి. నువ్వు ఇప్పుడే రాసిన వాక్యం మొదట ఆ డబ్ల్యూఏఎల్ ఫైల్లోకి వెళ్తుంది. పెద్ద ఫైల్లోకి తర్వాత ఎప్పుడో చేరుతుంది. యాప్ తెరిచి ఉండగా పెద్ద ఫైలు ఒక్కటే కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, ఆ పూట రాసింది అందులో లేకపోవచ్చు. కాబట్టి ముందు యాప్ పూర్తిగా మూసెయ్యి, తర్వాత ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్యి. ఇదే కారణం మీద, కొంతమంది తెలివిగా అనుకుని యాప్ డేటాబేస్ ఫోల్డర్‌ని తీసుకెళ్ళి, ఫైళ్ళని కంప్యూటర్ల మధ్య సింక్ చేసే డ్రాప్‌బాక్స్‌లో పెడతారే, అది చెయ్యకు. డ్రాప్‌బాక్స్ ఆ మూడు ఫైళ్ళని వేర్వేరు క్షణాల్లో పైకి పంపుతుంది. అవతలి కంప్యూటర్‌కి చేరేసరికి అవి ఒకదానితో ఒకటి పొసగవు, డేటాబేస్ పాడవుతుంది. సింక్ చేసే పని ఆ యాప్‌కే వదిలెయ్యి.

ఇప్పుడు నీ పేరాల సంగతికి వస్తాను. బస్సులో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. నువ్వు రాసింది ఫోన్లోని డేటాబేసులో భద్రంగానే ఉంటుంది, సర్వర్‌కి మాత్రం వెళ్ళదు. పైగా బ్యాటరీ ఆదా చేయడానికి చాలా ఫోన్లు వెనకాల ఉన్న యాప్‌లని నిద్రపుచ్చుతాయి. నువ్వు ఇంటికొచ్చి ఫోన్ పక్కన పడేసి నేరుగా ల్యాప్‌టాప్ తెరుస్తావు. అక్కడ నిన్నటి ప్రతి ఉంటుంది. నువ్వు దాని మీదే దిద్దడం మొదలుపెడతావు. తర్వాత ఎప్పుడో ఫోన్ మేలుకుంటుంది. ఇప్పుడు ఒకే నోట్‌కి రెండు రూపాలు, యాప్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ఎక్కువగా చివర మార్చినదాన్ని. నీ పాత పేరా కొత్తదాని మీద ఎక్కింది ఇలాగే అయ్యుంటుందని నా అనుమానం. ఇంటికి రాగానే వైఫైలో ముందు ఫోన్లో యాప్ తెరిచి, అది సింక్ అయ్యేదాకా ఆగి, తర్వాతే ల్యాప్‌టాప్ ముట్టుకో. పోయినవాటి కోసం కూడా వెతుకు. జాప్లిన్ అయితే గొడవపడిన ప్రతిని కాన్‌ఫ్లిక్ట్స్ అనే నోట్‌బుక్‌లో పెడుతుంది. డ్రాప్‌బాక్స్ కంప్యూటర్ పేరు తగిలించి ఇంకో ఫైలుగా పక్కనే ఉంచుతుంది. చాలామంది వాటిని చెత్త అనుకుని తీసేస్తారు. తీసేముందు చదువు.

నువ్వు కవితలు వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకుంటానన్నావు. మన కవుల్లో ఈ అలవాటు ఎక్కువే. తప్పు కాదు కానీ, దాని సంగతి కూడా తెలుసుకో. ఆండ్రాయిడ్‌లో రోజూ తెల్లవారుజామున 2 గంటలకి అది ఫోన్లోనే ఒక ప్రతి తీస్తుంది. అది ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, డేటాబేసెస్ అనే దారిలో ఉంటుంది, చివరి 7 రోజులవే ఉంచుతుంది. ఆ ఫైలు తాళం వేసి ఉంటుంది. వాట్సాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. నీ కవితా సంపుటి ఒక ఫోన్ నంబరుకి కట్టుబడి ఉండటం నాకిష్టం లేదు. కవిత పూర్తయిన రోజున దాన్ని అక్కణ్ణుంచి బయటికి తీసి మామూలు ఫైల్లో పెట్టు.

గూగుల్ డాక్స్ గురించి ఒక్క మాట, ఎందుకంటే నువ్వు పెద్ద కథలు అందులోనే రాస్తున్నావు. ల్యాప్‌టాప్‌లో గూగుల్ డ్రైవ్ పెట్టుకుంటే నీ కథ పేరుతో, చివర జీడాక్ అని ఒక ఫైలు కనిపిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి కథ దాచేశానని నిశ్చింతగా ఉన్నవాళ్ళని చూశాను. ఆ ఫైల్లో కథ లేదు. ఇంటి అడ్రసు రాసిన చీటీ మాత్రమే అది, ఇల్లు ఎక్కడో గూగుల్ సర్వర్లో ఉంది. దాని సైజు చూడు, ఒక్క కేబీ కూడా ఉండదు. నిజమైన ప్రతి కావాలంటే ఫైల్ మెనూలో డౌన్‌లోడ్‌కి వెళ్ళి వర్డ్ ఫైలుగానో, మామూలు టెక్స్ట్‌గానో దింపుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ వన్‌డ్రైవ్‌లోనూ పేరు పక్కన మబ్బు గుర్తు ఉన్న ఫైలు ఇంకా నీ కంప్యూటర్లోకి దిగలేదని అర్థం. నెట్ లేని ఊరికి వెళ్తున్నప్పుడు కథ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచమని చెప్పి బయల్దేరు.

సింక్‌ని బ్యాకప్ అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఫోన్లో ఒక అధ్యాయం చెరిపేస్తే, సింక్ బాగా పనిచేస్తుంటే, క్షణాల్లో ల్యాప్‌టాప్‌లోనూ చెరిగిపోతుంది. కీప్ చెత్తబుట్టలో వేసిన నోట్ 7 రోజులే ఉంటుంది. రచయితకి ఇది మామూలు వాళ్ళకంటే ఎక్కువ నష్టం. మనం కొట్టేసిన వాక్యాలు మనకి మళ్ళీ అవసరపడతాయి. మూడో ప్రతిలో తీసేసిన ముసలావిడ ఆరో ప్రతిలో తిరిగి రావచ్చు. సింక్‌కి చివరి ప్రతి తప్ప మరోటి అక్కర్లేదు. నీకు అన్నీ కావాలి.

అందుకని నేను పాటించే పద్ధతి చెబుతాను, నీకు నచ్చితే తీసుకో. ఆలోచనలు, విన్న మాటలు, పేర్లు నోట్స్ యాప్‌లో ఉంటాయి, అవి పోయినా ఏడవను. కథ మొదలైందీ అంటే విడి ఫైలు, పేరులో కథ పేరూ తేదీ. పెద్ద మార్పు చేయబోయే ముందు దాన్నే ఇంకో పేరుతో దాచి, కొత్తదాంట్లో దిద్దుతాను. ఆ ఫోల్డర్ సింక్ అవుతుంది, నెలకోసారి విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లోకి కూడా వెళ్తుంది. ఆ డిస్క్ దేనితోనూ సింక్ కాదు, పని అయ్యాక తీసి సొరుగులో పెడతాను. చోటు సరిపోదేమో అని భయపడకు. అక్షరాలని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరంగా కనబడినా లోపల 6 గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లీషుతో పోలిస్తే ఎక్కువే, అయినా ఓ మాదిరి నవల మొత్తం మామూలు టెక్స్ట్‌గా దాస్తే నీ ఫోన్ కెమెరా తీసే ఒక్క ఫొటో అంత కూడా ఉండకపోవచ్చు.

ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షర సంకేతాల్లో, అంటే యూనికోడ్‌లోనే దాచు. పుస్తకం పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో టైపు చేయించిన పుస్తకాలు మా తరం వాళ్ళ దగ్గర బోలెడున్నాయి. ఫైలు ఉంది, ఫోల్డర్ తెలుసు, తెరిస్తే పిచ్చి గీతలు. ఆ ఫాంటు వేస్తే తప్ప చదవలేం. ఆ బాధ నీ తరానికి లేదు, పీడీఎఫ్ ఒక్కటే దాచుకుని దాన్ని కొని తెచ్చుకోకు.

ఈ ఆదివారం ఒక గంట కూర్చుని, నువ్వు వాడే ప్రతి యాప్‌కీ ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో వెతుకు. ఆ బటన్ లేని యాప్‌లో ఇకముందు ఏమీ రాయకు, ఎంత అందంగా ఉన్నా సరే. కీప్ లాంటి గూగుల్ వాటికి టేక్‌అవుట్ అనే చోటు నుంచి అన్నీ ఒకేసారి దింపుకోవచ్చు. దింపాక ఫైలు తెరిచి, ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా వచ్చాయో లేదో చదివి చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

రెండో కథ మళ్ళీ పంపేటప్పుడు లింకు పంపొద్దు, వర్డ్ ఫైలు జతచెయ్యి. నువ్వు ఆ తర్వాత దిద్దుకున్నవి నేను చదువుతుండగా మారిపోతే, ముగింపు గురించి మనిద్దరం రెండు వేర్వేరు కథల మీద పోట్లాడుకోవాల్సి వస్తుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు