ఆదివారం ఆరాధనకు వెళ్తున్నా ఒంటరిగానే ఉంటే

ఉద్యోగం పోయి ఊరు మారారు, కొత్త చర్చి సంఘంలో పలకరించేవాళ్లే లేరని మీరన్నారు. కారణం బహుశా పెద్ద ఆరాధన ఒక్కదానికే వెళ్లడం. అక్కడ వాక్యం వింటాం, మన సంగతి చెప్పుకునే వీలుండదు.

1. మీ వీధికి దగ్గర్లో గృహకూటం (కొద్దిమంది ఒకరింట్లో కలిసి చేసే ప్రార్థన) ఏ రోజో పాస్టరుగారిని అడగండి.

2. అక్కడ ప్రార్థన మనవి చెప్పండి. చాలామంది తప్పేది ఇక్కడే: "నా కోసం ప్రార్థించండి" అని ఊరుకుంటారు. "గురువారం ఇంటర్వ్యూ, అద్దె రెండు నెలలు బాకీ" అని విడమరచి చెప్పండి. అప్పుడే ఎవరో ఒకరు శుక్రవారం ఫోన్ చేసి ఏమైందని అడగగలరు. మరుసటి వారం మీరే వెళ్లి జరిగింది చెప్పండి.

3. ప్రార్థనకు మాటలు రాకపోతే బైబిల్లో 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు, మొదటి రెండూ దేవుణ్ణి నిలదీసే ప్రశ్నలే.

ప్రార్థనకు డబ్బడిగే చోట ఉండకండి. నిద్ర, తిండి దెబ్బతింటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కూడా ఫోన్ చేయండి, ఉచితం.