డ్రమ్ సాండర్ కొనే ముందు కూలి లెక్క చూడండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వడ్రంగి షెడ్డు నడుపుతున్నాను. టేకు తలుపులు, డైనింగ్ టేబుళ్లు చేస్తాం. ఉప్పు కాగితం పనికే నెలకు 12 కూలి రోజులు పోతున్నాయి, కూలి రోజుకు 900. తిరిగే డ్రమ్‌కి ఉప్పు కాగితం చుట్టి, కింద బెల్టు మీద వచ్చే పలకను నున్నగా చేసే డ్రమ్ సాండర్ కొందామంటే పెద్దది 2.4 లక్షలు, 9 శాతం ఫ్లాట్ వడ్డీతో రెండేళ్ల ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఒక పక్క తెరిచి ఉండే 16 అంగుళాల చిన్నది 1.2 లక్షలు. చేతిలో 1.8 లక్షలున్నాయి. అందులో 1.1 లక్షలు జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకి. ఏది కొనమంటారు?

జవాబు: ఫీజు డబ్బు ముట్టుకోకండి. మిగతాదంతా దాని తర్వాతే.

మెషిన్ వచ్చినా ఆ 12 రోజులూ మిగలవు. అంచులు, చెక్కడాలు చేత్తోనే చేయాలి. డ్రమ్ కింద నుంచి వచ్చిన పలక మీద సన్నటి నిలువు గీతలు ఉంటాయి, పాలిష్‌కు ముందు వాటినీ చేత్తో తీయాలి. నా అంచనాలో 8 రోజులు మిగులుతాయి, అంటే 7,200. ఉప్పు కాగితం, కరెంటు కింద 1,500 తీసేస్తే 5,700. పెద్ద మెషిన్ ఈఎంఐ నెలకు 11,800! పైగా ఫ్లాట్ 9 శాతం వినడానికే తక్కువ. మీరు అసలు తీరుస్తున్నా వడ్డీ మొత్తం 2.4 లక్షల మీదే వేస్తారు. బ్యాంకు లెక్కలో అది 16 శాతం దాటుతుంది. వద్దు.

చిన్నది మీకు చాలు. పలకను తిప్పి రెండోసారి పంపితే 32 అంగుళాల వెడల్పు దాకా పని అవుతుంది. కాకపోతే డ్రమ్, కింది బెల్టు సమాంతరంగా లేకపోతే పలక మధ్యలో గీత పడుతుంది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ టేకు పలకే పట్టుకెళ్లండి. దాని మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీసి, 80 నంబరు పేపరుతో లోపలికి పంపించమనండి. ప్రతిసారీ కొద్దికొద్దిగానే దించాలి. గీతలు రెండు పక్కలా ఒకేలా చెరిగిపోతే సెట్టింగ్ బాగున్నట్టు. ఒక పక్కే మిగిలితే సరిచేసి చూపించమనండి. చిత్రిక పట్టే పని దీంతో చేయించబోతే పేపరు కాలి, చెక్క మీద నల్ల చార పడుతుంది. టేకులో నూనె ఎక్కువ కాబట్టి పేపరు త్వరగా పూడుకుపోతుంది, రబ్బరు క్లీనింగ్ స్టిక్ దగ్గరుంచుకోండి. పొడిని పీల్చే డస్ట్ కలెక్టర్ లేకుండా మాత్రం కొనకండి. ఆ సన్నపొడి మీ పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి 20 వేల దాకా పక్కన పెట్టండి.

డబ్బుకి కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విశ్వకర్మలో ప్రయత్నించండి. వడ్రంగం ఆ పథకంలోని 18 వృత్తుల్లో ఒకటి. రిజిస్ట్రేషన్, చిన్న శిక్షణ అయ్యాక తాకట్టు లేకుండా మొదటి విడత లక్ష వరకు, 5 శాతం వడ్డీతో, 18 నెలలకు ఇస్తారు. ఇంట్లో ఒక్కరికే. గత ఐదేళ్లలో ముద్రా లోన్ తీసుకుని ఇంకా తీర్చకపోతే రాదు. విశ్వకర్మలో లక్ష తీసుకుంటే నెలకు సుమారు 5,780 కట్టాలి, మీకు మిగిలే 5,700కి దాదాపు సరిపోతుంది. మెషిన్ ధరలో మిగతా 20 వేలు, డస్ట్ కలెక్టర్ ఖర్చు చేతి డబ్బులోంచి పెడితే ఫీజు పోనూ ఇంకో 30 వేలు ఉంటాయి. అవి కూలీలకు, కలపకు ఉంచండి.

మీది రెగ్యులర్ జీఎస్టీ అయితే, బిల్లు మీ నంబరుతో తీసుకోండి. 1.2 లక్షల్లో జీఎస్టీ కలిసి ఉంటే దాదాపు 18,300 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి అంత తగ్గుతుంది. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్‌లో ఉంటే రాదు.

లోన్ వచ్చేలోపు ఒక నెల టేబుల్ పలకలు మెషిన్ ఉన్న వేరే షెడ్డులో జాబ్ వర్క్‌కి ఇచ్చి చూడండి. నిజంగా 8 కూలి రోజులు తగ్గాయా లేదా రాసి పెట్టుకోండి. ఐదే తగ్గితే నాకు మళ్లీ రాయండి, ఈ లెక్క మారుతుంది.