పారను పార అనాలా?

సందేహం: దాపరికం లేకుండా మాట్లాడటాన్ని ఇంగ్లీషులో ‘టు కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్’ అంటారు కదా. ఈమధ్య ఒక అనువాద వ్యాసంలో దాన్ని ‘పారను పార అనడం’ అని రాశారు. అది చదివి మా అబ్బాయి, ‘స్పేడ్ అంటే పేకముక్కల్లో ఇస్పేటు కదమ్మా, పార ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్నాడు. ఇంతకీ అది పారా, ఇస్పేటా? తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. ఆ నానుడిలో ఉన్నది పారే, ఇస్పేటు కాదు. పేకముక్క పేరులో ఉన్నది మాత్రం పార కాదు, కత్తి. ఇటలీ, స్పెయిన్ దేశాల పాత పేకల్లో ఒక రంగుకి గుర్తు కత్తి. కత్తిని ఇటాలియన్‌లో ‘స్పాదా’ అంటారు, బహువచనం ‘స్పాదె’. ఇంగ్లీషువాళ్లు బొమ్మను ఫ్రాన్సు పేకలోంచి, పేరును ఈ ఇటలీ, స్పెయిన్ పేకలోంచి తీసుకున్నారు. తమ భాషలో పారకు ఉన్న ‘స్పేడ్’ అన్న మాటలో అది కలిసిపోయింది.

మన ‘ఇస్పేటు’ సంగతి కాస్త చిక్కు. కళావరు డచ్చివాళ్ల ‘క్లావర్’కీ, ఆఠీను వాళ్ల ‘హార్టెన్’కీ దగ్గరగా వినిపిస్తాయి. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్ది మొదట్లోనే బందరులో వర్తకం పెట్టారు కాబట్టి ఆ ఊహకు ఆధారం లేకపోలేదు. కానీ ఇస్పేటును వాళ్లు ‘స్కోపెన్’ అంటారు, కనుక ఈ ఒక్కటీ వాళ్ల దగ్గర్నుంచి రాలేదు. పోర్చుగీసు ‘ఎస్పాద’ నుంచి వచ్చి ఉంటే ‘ఇస్పాద’ లాంటిది మిగలాలి. మధ్యలో ఏత్వం ఉంది కాబట్టి ఇంగ్లీషు ‘స్పేడ్’ వైపే నేను మొగ్గుతాను. ముందున్న ‘ఇ’ ఇస్కూలులో చేరినట్టే చేరింది. డకారం టకారం ఎందుకైందంటే, తమిళం మీదుగా వచ్చిందేమో. ఇంతకంటే గట్టిగా చెప్పను.

పారకీ కత్తికీ బంధుత్వం లేకపోలేదు. గ్రీకులో ‘స్పాథే’ అంటే వెడల్పాటి పలక, బద్ద. అది లాటిన్‌లోకి ‘స్పాథా’గా వెళ్లి కత్తి అయింది, దాని చిన్నరూపం ‘స్పాట్యులా’, అంటే మన వంటింటి అట్లకాడ. భుజం మీది ఎముక కూడా పలకలా ఉంటుంది కాబట్టి ఆ మాటే ఫ్రెంచిలో ‘ఎపోల్’ అయి భుజం అన్న అర్థానికి వచ్చింది. సైనికాధికారుల భుజాల మీది ‘ఎపలెట్’ దాని బిడ్డే. ఇంగ్లీషు పార ఈ గ్రీకు మాటకు కూతురు కాదు, తోబుట్టువు.

ఇక నానుడి. నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది దీని పుట్టుకే, ఎందుకంటే ఇది ఒక అనువాదకుడి పొరపాటులోంచి పుట్టింది. ఒలింథస్ నగరానికి చెందిన లాస్థెనీస్ అనేవాడూ అతని స్నేహితులూ మాసిడోనియా రాజు ఫిలిప్పు దగ్గరికొచ్చి, ‘మీవాళ్లు మమ్మల్ని ద్రోహులంటున్నారు’ అని మొర పెట్టుకున్నారట. సొంత ఊరిని రాజుకు అప్పగించిన వాళ్లు వాళ్లు. ఫిలిప్పు, ‘మావాళ్లు మొరటు మనుషులు, దోనెను దోనె అనే అంటారు’ అన్నాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్కు రాశాడు. అక్కడున్న గ్రీకు మాట ‘స్కాఫే’. తొలిచి చేసిన తొట్టి, చిన్న పడవ రెండూ దాని అర్థాలే. అచ్చంగా మన ‘దోనె’కు ఉన్నవే. ఎరాస్మస్ పండితుడు దీన్ని లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు, అదే ధాతువు నుంచి పుట్టిన తవ్వే పనిముట్టు పేరుగా పొరబడి ‘లిగో’ అన్నాడు. 1542లో నికొలస్ యుడాల్ ఆ లాటిన్‌ని ఇంగ్లీషు చేస్తూ ‘స్పేడ్’ అన్నాడు. అలా దోనె పారగా మారింది. ఇప్పుడు దాన్ని మనం ‘పారను పార అనడం’ అంటే, ఒకసారి జారిన మాటను మళ్లీ ఇంకో భాషలోకి జార్చినట్టే.

పైగా ఆ ‘స్పేడ్’ మన పార కానే కాదు. దాని ఆకు కర్రకు తిన్నగా ఉంటుంది. అంచు మీద కాలు వేసి నేలలోకి దించుతారు. మన పార ఆకు కర్రకు అడ్డంగా వంగి ఉంటుంది. నడుం వంచి, ఎత్తి వేసి, మట్టిని తన వైపు లాక్కుంటాడు మనిషి. అక్కడ కాలు, ఇక్కడ రెట్ట. పనిముట్ల పేర్లు రాసేవాళ్లు ఒక్కసారి చేలోకి దిగి చూస్తే బాగుండును. ‘గడ్డపార’ అని రాసి పార బొమ్మ వేసినవాళ్లనూ చూశాను. గడ్డపార అంటే గునపం!

తవ్వే పనిముట్టు అనగానే నాకు గుర్తొచ్చేది పోతన పేరుతో చెప్పుకునే చాటుపద్యం, ‘బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్’. కావ్యకన్యను కూళలకిచ్చి ఆ కూడు తినేకంటే సత్కవులు

‘హాలికులైననేమి గహనాంతరసీమల కందమూల కౌ
ద్దాలికులైననేమి నిజదార సుతోదర పోషణార్థమై’

అన్నాడు కవి. హలం పట్టినవాడు హాలికుడు, కుద్దాలం పట్టినవాడు కౌద్దాలికుడు. కుద్దాలం హిందీలో కుదాల్, కన్నడంలో గుద్దలి, తెలుగులోనూ గుద్దలే. ఆ మాట పాదం చివర ‘కౌ’ దగ్గర ఆగి, కింది పాదంలో ‘ద్దా’ అని పడుతుంది. పద్యం పైకి చదివి చూడండి, గుద్దలి ఎత్తి నేల మీద వేసినట్టే ఉంటుంది. అది ప్రాస కోసం వచ్చిందే కావచ్చు, కానీ ఆ దెబ్బ నా చెవికి వినిపిస్తూనే ఉంటుంది. కొన్ని చోట్ల ‘గౌద్దాలికులు’ అని అచ్చువేస్తున్నారు. గుద్దలి అలవాటు మీద వచ్చిన గకారం అయి ఉండాలి. కుద్దాలం నుంచి ‘కౌ’ రావడమే న్యాయం. ఇంత బలమైన మాట మన నోట్లో ఉండగా అరువు పార ఎందుకమ్మా?

మిగతావి క్లుప్తంగా. ‘స్పేడ్‌వర్క్’ అంటే ముందస్తు చాకిరీ. ‘ఇన్ స్పేడ్స్’ బ్రిడ్జి ఆటలోంచి వచ్చింది, అందులో ఇస్పేటు పై రంగు; ‘బోలెడంత’ అని అర్థం. అమెరికాలో 1920ల నుంచి ‘స్పేడ్’ నల్లజాతివారిని కించపరిచే మాటగా కూడా వాడుకలోకి వచ్చింది కాబట్టి అక్కడ చాలామంది ఈ నానుడినే మానుకుంటారు. అక్కడ ఉన్న మన పిల్లలకు ఇది తెలిసి ఉండాలి.

తెలుగులో ఏమనాలంటారా? ‘ఉన్నదున్నట్టు చెప్పడం’ ఎక్కడైనా సరిపోతుంది. ‘కుండ బద్దలు కొట్టినట్టు’ అన్నప్పుడు తేల్చి చెప్పడం మీద ఊనిక పడుతుంది, ‘ముక్కుసూటి’ మనిషి స్వభావానికి తగులుతుంది. చెడ్డదాన్ని దాని చెడ్డ పేరుతోనే పిలిచే సందర్భమైతే నేను ‘దొంగను దొంగ అన్నాడు’ అని రాస్తాను. ఫిలిప్పు మాటకు అదే దగ్గర. పేకముక్కను మాత్రం ఇస్పేటుగానే ఉంచండి. ఎవరైనా ఎరాస్మస్ పొరపాటు గురించే రాస్తుంటే అక్కడ పార ఉండాల్సిందే, దొంగను తెచ్చి పెడితే కుదరదు.