జపాన్ కళాకారిణి యయోయి కుసామా ఎప్పుడూ చుక్కలే ఎందుకు వేస్తారు?

అందం కోసం మొదలైనవి కావు ఆ చుక్కలు, భయంలోంచి వచ్చాయి. కుసామా 1929లో జపాన్‌లోని మత్సుమోతోలో పుట్టారు. ఇంట్లో విత్తనాలు, మొక్కల వ్యాపారం. చిన్నప్పుడు ఒకసారి బల్ల మీద పరిచిన గుడ్డపై ఎర్రపూలు చూసి తలెత్తితే, అవే పూలు పైకప్పు మీద, కిటికీల మీద, చివరికి తన ఒంటి మీద కూడా కనిపించాయట. తానూ వాటిలో కలిసి మాయమైపోతానేమోనని హడలిపోయారు. అలా కనిపించినవాటిని చుక్కలుగా కాగితం మీద పెట్టడమే ఆమెకు దొరికిన మందు.

1957లో అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లో గోడంత కాన్వాసుల నిండా వల కళ్లలాంటి చిన్న చిన్న వంపులు గీశారు. నాకు అన్నిటికన్నా నచ్చేది 1966 వెనిస్ ముచ్చట. అధికారిక ఆహ్వానం లేకపోయినా రెండేళ్లకోసారి అక్కడ జరిగే బియెన్నాలే కళా ప్రదర్శన దగ్గర పచ్చిక మీద 1500 అద్దాల బంతులు పరిచి, కిమోనో కట్టుకుని ఒక్కోటి రెండు డాలర్లకు అమ్మడం మొదలెట్టారు! నిర్వాహకులు అమ్మకం ఆపించారు. 1993లో అదే వెనిస్‌కు జపాన్ తరఫున వెళ్లారు.

1973లో స్వదేశం వచ్చేశారు. 1977 నుంచి టోక్యోలో ఒక మానసిక వైద్యశాలలో, తన ఇష్టంతోనే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోలో పనిచేస్తూ వచ్చారు.

గుమ్మడికాయలన్నా ఆమెకు ప్రాణం. జపాన్‌లోని నవోషిమా దీవిలో సముద్రపు ఒడ్డున ఆమె చేసిన నల్లచుక్కల పసుపు గుమ్మడికాయ శిల్పం ఉండేది. 2021 తుపానుకు కొట్టుకుపోతే, 2022లో కొత్తది చేసి అక్కడే నిలబెట్టారు.