బద్ధకం కాదు, తిండి చాలడం లేదు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా పదో తరగతి అమ్మాయి నిరుడు 800 మీటర్లు 2 నిమిషాల 24 సెకన్లలో పరిగెత్తింది. మూడు నెలలుగా 2:33 కూడా దాటిపోతోంది. ఎవరితోనూ కలవదు, ఏమన్నా అంటే ఏడుస్తుంది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారట, రాత్రి అన్నం మానేసింది. మోకాలి కింద ఎముక నొప్పంటోంది. వచ్చే నెల జిల్లా మీట్. నేనేం చేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ నొప్పి సంగతి చూడండి. ఎముక వెంట జానెడు మేర సలుపుతోందా, రూపాయి బిళ్లంత చోట వేలు పెట్టగానే ప్రాణం పోతోందా అని అడగండి. ఒక్కచోటే ఉంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) అని అనుమానించి ఈరోజే పరుగు ఆపించండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అది చూసి 'ఏమీ లేదు' అనుకుని మళ్లీ పరిగెత్తించడం వల్లే సన్నని పగులు పెద్దదవుతుంది. ఎంఆర్‌ఐలో ముందే తెలుస్తుంది.

నెలసరి సరిగా వస్తోందా అన్నది ఒక టీచరమ్మ చేత అడిగించండి. మూడు నెలలుగా రాకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. 'ఆటలాడే పిల్లలకు మామూలే' అనే మాట నమ్మకండి. పరుగుకు ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేనప్పుడు ఒళ్లు ముందు నెలసరిని ఆపుతుంది, ఎముకను పలచన చేస్తుంది, మనసును కుంగదీస్తుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ స్థితికే రెడ్-ఎస్ అని పేరుపెట్టింది. టైమింగ్ పడిపోవడం, ఆ ఏడుపు, నొప్పి మూడింటికీ మూలం ఒకటే కావచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా రక్తపరీక్షలో చూపించండి. మొదటిది బాగున్నా రెండోది అడుగంటి ఉండవచ్చు.

తిండి: ప్రాక్టీసుకు గంట ముందు రెండు ఇడ్లీలో అరటిపండో, అయ్యాక అరగంటలోపు రెండు గుడ్లు, పల్లీపట్టీ. రాత్రి అన్నం, పప్పు తప్పనిసరి. భోజనానికి గంట అటూ ఇటూ టీ వద్దు, ఇనుము ఒంటబట్టదు.

మాట్లాడేటప్పుడు గ్రౌండులో అందరి ముందూ వద్దు. టైమింగుతో మొదలుపెట్టకండి, బరువు మాటే ఎత్తకండి, అందరి ముందు తూకం వేయించకండి. 'ఈమధ్య నిద్ర పడుతోందా అమ్మా?' అని అడిగి, చెప్పేదాకా ఆగండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. బతకాలని లేదని అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఇంట్లో చెప్పండి. మనసు బాధలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతుంది.

పరుగు ఆపించినా గ్రౌండుకు దూరం చేయకండి, అదే పిల్లలను ఎక్కువ బాధపెడుతుంది. స్టాప్‌వాచ్ చేతికిచ్చి చిన్నపిల్లల ల్యాప్‌లు రాయించండి. డాక్టరు సరేనన్నాక, అరగంట వడివడిగా నడిచినా నొప్పి లేదంటేనే నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు. స్పైక్స్ (ముళ్ల బూట్లు) అన్నిటికంటే చివర.

జిల్లా మీట్‌కు ఈసారి పేరివ్వకండి. 'ఈ నిర్ణయం నాదే' అని ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి, భారం పిల్ల మీద పడనీయకండి.