పోలీసు నవ్వుతూ మాట్లాడినా టికెట్ టికెట్టే

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి డాలస్ వస్తున్నాను. అమెరికా పోలీసులు ఎంతో మర్యాదస్తులని మా బాబాయి అంటాడు. చెయ్యి కదిపితే కాల్చేస్తారని స్నేహితులు భయపెడుతున్నారు. కారు ఆపితే ఎలా మసలుకోవాలి?

జవాబు: తమ్ముడూ, మీ బాబాయి చెప్పిందీ నిజమే, నీ స్నేహితుల మాటా ఉత్తది కాదు. ఈ విషయంలో ఇక్కడివాళ్లకే ఒక్క మాట లేదు. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో చనిపోయిన 2020లో గాలప్ అనే సంస్థ సర్వే చేస్తే, పోలీసుల మీద గట్టి నమ్మకం ఉందన్నవాళ్లు 48 శాతం. తెల్లవాళ్లలో 56, నల్లవాళ్లలో 19. ఆ చర్చ తర్వాత తీరిగ్గా చదువుకో. మనవాళ్లలో చాలామందిలా అప్పు చేసే వస్తుంటావు కాబట్టి ముందు తెలుసుకోవలసింది వేరు. రోడ్డు పక్కన నీ నోటి నుంచి వచ్చే ప్రతి మాటకూ డాలర్లలో లెక్క ఉంటుంది.

మన లాడ్జి సెంటర్లోనో, విజయవాడ బెంజి సర్కిల్లోనో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే బండి స్టాండు వేసి, దిగి, ఎస్సై దగ్గరికి నడిచి వెళ్లి "ఈసారికి వదిలెయ్యండి సార్" అంటాం. అక్కడ అది వినయం. ఇక్కడ చెప్పకుండా కారు దిగి ఎదురొస్తే దాడికి వస్తున్నావనుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

వెనక ఎరుపు, నీలం లైట్లు వెలగగానే కుడి ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, కుడి పక్కన ఆపు. ఇంజన్ ఆపెయ్యి, కిటికీ పూర్తిగా దించు, రాత్రయితే లోపలి లైటు వెయ్యి. రెండు చేతులూ స్టీరింగ్ పైన కనపడాలి. సీటుబెల్టు తియ్యకు, అతను నడిచొచ్చేలోగా తీసేస్తే అసలు పెట్టుకోలేదనే అనుకుంటాడు. కాగితాల కోసం ముందే గ్లవ్ బాక్సులోకి వంగడం మనవాళ్లకు బాగా అలవాటు. వెనక నుంచి వచ్చేవాడికి నీ భుజం కదలడమే కనిపిస్తుంది, చేతిలో ఏముందో కనపడదు. అడిగాక, ఎక్కడున్నాయో ముందు నోటితో చెప్పి, మెల్లగా ఒక చేత్తో తియ్యి. లైసెన్సుతో పాటు నోటు అందించాలన్న ఊహ కూడా రానివ్వకు. అది నేరం, పైగా చాలాచోట్ల అతని ఛాతీ మీద కెమెరా ఉంటుంది.

ఇక మర్యాద సంగతి. నిన్ను "సర్" అంటాడు, ఎలా ఉన్నావని అడుగుతాడు. ఆ తర్వాత "ఎందుకు ఆపానో తెలుసా?" అంటాడు. మన పిల్లలు ఆ పలకరింపుకే కరిగిపోయి "సారీ ఆఫీసర్, క్లాసుకు ఆలస్యమైంది, ఎనభై దాటింది" అని మొత్తం చెప్పేస్తారు. అక్కడితో కేసు తేలిపోయినట్టే. కోర్టులో నీ మాటే నీకు అడ్డొస్తుంది. అబద్ధం వద్దు, సంజాయిషీ అసలే వద్దు. "చెప్పండి ఆఫీసర్" అను, చాలు. కాలిఫోర్నియాలో 2024 నుంచి ప్రశ్నలు వేసే ముందే ఆపిన కారణం చెప్పాలని చట్టం తెచ్చారు. ఇలాంటి ప్రశ్నలతో ఎంత రాబట్టవచ్చో దీన్నిబట్టే అర్థం చేసుకో. కారు వెతకనా అంటే "ఒప్పుకోను" అని మెత్తగా చెప్పు. దిగమంటే మాత్రం వాదించకుండా దిగు, ఆ అధికారం వాళ్లకుందని ఇక్కడి సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది.

టికెట్ అంటే మన చలానా లాంటిది. దాని మీద సంతకం పెట్టమంటే పెట్టు. అది తప్పు ఒప్పుకోవడం కాదు, కోర్టుకు జవాబిస్తానన్న మాట మాత్రమే. అక్కడే పంతానికి పోతే చేతికి సంకెళ్లు పడొచ్చు. నువ్వు వచ్చే టెక్సాస్‌లోనే లాగో విస్టా అనే ఊళ్లో సీటుబెల్టు పెట్టుకోలేదని ఒక తల్లిని అరెస్టు చేస్తే, అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2001లో తీర్పిచ్చింది. ఆ తప్పుకు అప్పట్లో జరిమానా 50 డాలర్లకు మించేది కాదు. చిన్న తప్పే కదా అనుకోకు.

ఇంటికొచ్చాక చాలామంది చేసే పని, ఆన్‌లైన్‌లో జరిమానా కట్టేసి ఊపిరి పీల్చుకోవడం. మన ఈ-చలానా కడితే కథ ముగుస్తుంది. ఇక్కడ కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టు. రికార్డులోకి ఎక్కుతుంది, ఇన్సూరెన్సు ప్రీమియం పెరుగుతుంది. జరిమానా ఒకసారి పోయే డబ్బు, ప్రీమియం ఏళ్ల తరబడి పీల్చే డబ్బు. అందుకే టికెట్ మీదున్న తేదీలోగా డ్రైవింగ్ సేఫ్టీ కోర్సుకు కోర్టును అనుమతి అడుగు. నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, కానీ కేసుతో పోరాడను) అని రాసి, కోర్టు ఖర్చులు కట్టి, 90 రోజుల్లో కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్టు, డ్రైవింగ్ రికార్డు ఇస్తే కేసు కొట్టేస్తారు. 12 నెలల్లో ఒక్కసారే ఈ వెసులుబాటు. పరిమితికి 25 మైళ్లు, ఆపైన దాటితే లేదు. మనవాళ్లు గమనించనిది ఇంకొకటుంది: టెక్సాస్ లైసెన్సు ఉండాలి. గుంటూరు ఆర్టీఓ ఇచ్చిన కార్డుతో నడుపుతూ దొరికితే ఈ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి లైసెన్సు పని మొదటి నెలలోనే చూసుకో. మిగతా నియమాలు టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే శాఖ డీపీఎస్ సైటులో ఉన్నాయి, లైసెన్సుకు చూపే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) సంగతి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్లు చెబుతారు.

స్నాతకోత్సవానికి అమ్మానాన్నలు వస్తారు కదా, వాళ్లకూ చెప్పు. 2015లో అలబామాలోని మాడిసన్‌లో, గుజరాత్ నుంచి కొడుకింటికి వచ్చిన పెద్దాయన పొద్దున్నే నడుస్తుంటే, అనుమానమొచ్చి ఎవరో ఫోను చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ని పోలీసు నేలకేసి కొడితే వెన్నెముకకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పిలిస్తే ఆగాలి, చేతులు జేబుల్లో ఉండకూడదు, తిరిగి నడవకూడదు. నీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, తెలుగు మాత్రమే వచ్చన్న మాట ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసిన కార్డు వాళ్ల మెడలో వేలాడాలి. జేబులో పెట్టిస్తే తియ్యడానికి చెయ్యి లోపల పెట్టాల్సి వస్తుంది.

కేసు కొట్టేశారన్న కోర్టు కాగితం పారెయ్యకు. రేపు గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు అడిగితే, అప్పుడు మళ్లీ తెప్పించుకోవడానికి ఫీజు కట్టాలి.