సందేహాలు – సమాధానాలు: ఒక్క దళంలో ఎన్ని దళాలు?

సందేహం: మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ యుద్ధనౌకల ఏర్పాటు గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. నేవీ (దేశపు మొత్తం ఓడల సేన), ఫ్లీట్ (అందులో ఒక పెద్ద భాగం), స్క్వాడ్రన్ (ఫ్లీట్‌లో ఒక భాగం), ఫ్లోటిల్లా (చిన్న యుద్ధనౌకల జట్టు) వేటికవే వేరు. నాకు మాత్రం అన్నిటికీ నౌకాదళం ఒక్కటే తోస్తోంది. అది నౌకాదళమా, నావికాదళమా? అడ్మిరల్‌ను నౌకాదళాధిపతి అనవచ్చునా? సముద్రం లేని ఊళ్లో కూర్చుని ఓడల గురించి రాస్తున్నానని ఇంట్లో నవ్వుతున్నారు. నా వాక్యం ఒకటి జతచేస్తున్నాను, దిద్దగలరు.
– ఒక అనువాదకుడు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: ముందు మీ వాక్యం చూద్దాం. “బ్రిటిష్ నౌకాదళంలోని మొదటి నౌకాదళానికి చెందిన రెండో నౌకాదళం నౌకాదళాధిపతి ఆదేశంపై పోర్ట్‌లాండ్ నుంచి కదిలింది.” ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, అర్థమూ లేదు. మూడు దళాలలో ఏది ఎందులోదో, ఆ అధిపతి ఏ దళానికి అధిపతో తెలుసుకోవాలంటే పాఠకుడు మూలం తెరవాలి.

దళమంటే అసలు ఆకు, రేకు. మారేడు దళం, తులసీదళం మనకు తెలిసినవే. దాన్నుంచి ముక్క, భాగం అనే అర్థాలు వచ్చాయి. సేనలో ఒక భాగం దళమైంది. అంటే పుట్టుకతో ఇది చిన్న మాట. ఆ చిన్న మాటను తీసుకువెళ్లి దేశపు నేవీ మొత్తానికి పెట్టాం. అది స్థిరపడిపోయింది, ఇప్పుడు కదిలించలేం. కదిలించనవసరమూ లేదు. కాని పైమెట్టు మీద కూర్చోబెట్టిన మాటనే కిందిమెట్లకూ వాడితే మీకు వచ్చిన చిక్కే వస్తుంది.

నౌకాదళమా, నావికాదళమా అన్నది తేలికగా తేలుతుంది. నౌకాదళమంటే ఓడల దళం, నిక్షేపంగా ఉంది. నావతో దాటేవాడు నావికుడు. అలాంటివాళ్ల దళం కావాలంటే ‘నావికదళం’ కావాలి. సైనికదళం అంటామే గాని సైనికాదళం అనం కదా! ఆ దీర్ఘం ‘నౌకా’ను చూసి తగిలించుకున్నది. పత్రికల్లో రెండూ కనిపిస్తాయి, రాసినవాళ్లను నేను తప్పుపట్టను. నేను రాసేది మాత్రం నౌకాదళమే.

ఇక ఫ్లీట్. ఈ లోటు మీ ఒక్కరిదే కాదు, మన పత్రికలదీ. విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఈస్టర్న్ నేవల్ కమాండ్‌ను తూర్పు నౌకాదళం అంటున్నాం. దాని అధీనంలో సముద్రం మీద తిరిగే ఈస్టర్న్ ఫ్లీట్‌నూ అదే పేరుతో పిలుస్తున్నాం. కమాండ్‌కు అధిపతి వైస్ అడ్మిరల్, ఫ్లీట్‌కు అధిపతి రియర్ అడ్మిరల్. తెలుగులో ఇద్దరూ ఒక్కరైపోతున్నారు. ఈ తేడా ఎంత ముఖ్యమో 1971 చెబుతుంది. తూర్పు కమాండ్ అంతకు ముందే ఉంది. తూర్పు ఫ్లీట్‌ను ఏర్పాటు చేసింది మాత్రం 1971 నవంబరు 1న, డిసెంబరు 3న యుద్ధం మొదలవడానికి నెల రోజుల ముందు. కమాండ్‌కు వైస్ అడ్మిరల్ కృష్ణన్, విమానవాహక నౌక విక్రాంత్ ఉన్న ఫ్లీట్‌కు రియర్ అడ్మిరల్ శర్మ. “1971 నవంబరులో తూర్పు నౌకాదళం ఏర్పడింది” అని రాస్తే, అంతవరకు విశాఖలో ఏమీ లేదని పాఠకుడు అనుకోడూ?

మన ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఈ బాధ లేదు. నేవీ వాళ్లకు బహ్రియా, ఫ్లీట్ బేడా. హిందీవాళ్లూ నౌసేన వేరు, బేడా వేరు అనుకుంటారు. ఆ మాట మనమూ తెచ్చుకుందామంటే, మన పెద్దవాళ్లకు బేడ అంటే రెండణాలు!

నా ఓటు ‘నౌకావాహిని’కి. వాహిని అంటే నదీ, సేనలో ఒక విభాగమూ కనుక నీటి మీది సేనకు ఒంటికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. పైగా అది మెట్టు తెలిసిన మాట. అమరకోశం సేనను పత్తి, సేనాముఖం, గుల్మం, గణం, వాహిని అని మొదలుపెట్టి అక్షౌహిణి దాకా మెట్లుగా పేర్చింది. అందులో వాహిని అయిదోది: 81 రథాలు, 81 ఏనుగులు, 243 గుర్రాలు, 405 మంది కాల్బలం. మొత్తం సేన కాదు, చిన్న ముక్కా కాదు. ఈ వరుస దొరికింది కదా అని స్క్వాడ్రన్‌ను గుల్మం చేయకండి. ఆయుర్వేదంలో గుల్మమంటే కడుపులో గడ్డ. స్క్వాడ్రన్‌ను స్క్వాడ్రన్‌గానే ఉంచండి; వాయుసేన పుణ్యమా అని అందరికీ తెలిసిన మాటే. ఫ్లోటిల్లా మీ వ్యాసంలో డిస్ట్రాయర్లకే (వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకలకే) వస్తుంది కాబట్టి ‘డిస్ట్రాయర్ల జట్టు’ చాలు.

‘మొదటి’ దగ్గర కూడా ఆగాలి. బ్రిటన్ మొదటి నౌకాదళం అంటే, చరిత్రలో మొట్టమొదటిది అనిపిస్తుంది. ఒకటో తారీఖు, ఒకటో తరగతి అన్నట్టు ‘ఒకటో నౌకావాహిని’ అనండి. 1914లో ఈ అంకెలకు ఇంకో అర్థం కూడా ఉంది. అవి సన్నద్ధతను చెబుతాయి. ఒకటో వాహినిలో ఓడలకు పూర్తి సిబ్బంది ఎప్పుడూ ఉండేవారు. రెండోదానిలో కొందరు ఓడల మీద, తక్కినవారు ఒడ్డున శిక్షణ బడుల్లో ఉండేవారు. మూడోదానిలో పాత ఓడలు, వాటిని కనిపెట్టుకుని ఉండే కొద్దిమంది. యుద్ధమంటే రిజర్వు వాళ్లకు కబురు వెళ్లవలసిందే. ఆ జూలైలో పరీక్షార్థం అందరినీ పిలిపించారు. అది ముగిశాక ఒకటో వాహినిని చెదరనివ్వలేదు. 29న ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ రేవు నుంచి బయలుదేరదీసి, రాత్రివేళ దీపాలార్పి డోవర్ జలసంధి దాటించి, స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లో అనే లంగరు స్థలానికి పంపారు. ఈ సంగతి వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా చెప్పండి, లేకపోతే అంకెలు వట్టి అంకెలే.

ఎవరు పంపారు? మీ వాక్యంలో అసలు తప్పు ఇక్కడుంది. పంపింది లండన్‌లోని అడ్మిరాల్టీ, అంటే నౌకాదళ వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ. అక్కడ మంత్రి చర్చిల్, ఆయన పక్కన ఫస్ట్ సీ లార్డ్ (నౌకాదళ అధికారుల్లో అందరికంటే పైవాడు) బాటెన్‌బర్గ్. ఓడల మీద ప్రధాన సేనాని అడ్మిరల్ కాలహాన్. ఆగస్టు 4న ఆయన స్థానంలో జెల్లికో వచ్చాడు. ఆ ఓడలకే గ్రాండ్ ఫ్లీట్ అని పేరు పడింది (ఇది సొంత పేరు, తెలుగు చేయకండి). బాటెన్‌బర్గ్‌నూ కాలహాన్‌నూ ఇద్దరినీ నౌకాదళాధిపతి అన్నారంటే, ఆ మార్పును “నౌకాదళాధిపతి నౌకాదళాధిపతిని తప్పించాడు” అని రాయవలసి వస్తుంది. కార్యాలయంలో ఉన్నవాడు నౌకాదళాధిపతి, ఓడ మీద ఉన్నవాడు వాహినీపతి అని విడదీయండి. నౌకాధ్యక్షుడు మాత్రం వద్దు. కౌటిల్యుడి నావధ్యక్షుడు ఎక్కువగా రేవు సుంకాలు చూసుకునేవాడు.

అడ్మిరల్‌ను అలాగే ఉంచండి. అది అరబ్బీ ‘అమీర్’ నుంచి యూరపు చుట్టి వచ్చిన మాట, అమీర్‌పేటకు దూరపు చుట్టం. అడ్మిరల్ ఎక్కిన ఓడ మీద ఆయన జెండా ఎగురుతుంది, అందుకే ఆ హోదావాళ్లను ఫ్లాగ్ ఆఫీసర్లంటారు. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరులను చూపించింది రథాల మీది జెండాల గుర్తులతోనే. దుర్యోధనుణ్ణి తిక్కన పాము గుర్తు ఉన్న ‘పడగవాడు’ అన్నాడు. ఫ్లాగ్ ఆఫీసర్‌కు ఇంతకంటే మంచి తెలుగు నాకు తట్టడం లేదు. వ్యాసంలో వాడమని చెప్పను గాని, ఫ్లాగ్‌షిప్‌ను ‘ధ్వజనౌక’ అనడానికి ధైర్యం మాత్రం అక్కడినుంచే తెచ్చుకోవచ్చు.

దిద్దిన వాక్యం ఇదిగో: “అడ్మిరాల్టీ ఆదేశంపై బ్రిటిష్ నౌకాదళపు ఒకటో నౌకావాహిని పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరింది, రెండో స్క్వాడ్రన్ కూడా అందులో ఉంది.”

ఇంట్లో నవ్వేవాళ్లకు చెప్పండి: రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళానికి మన నిజాం పేరుతో ఒక డిస్ట్రాయర్ ఉండేది. 1941లో క్రీటు ద్వీపం నుంచి సైనికులను తరలించిన ఓడల్లో అదీ ఒకటి. దాని గురించి రాసేటప్పుడు “నిజాం క్రీటుకు వెళ్లాడు” అనకూడదు, “వెళ్లింది” అనాలి. ఆ మాట చదివి హైదరాబాదులో ఎవరైనా ఉలిక్కిపడతారనుకుంటే, పేరు పక్కన ‘నౌక’ అని చేర్చండి.